కుక్కకు ప్రొద్దు పోవు టెట్లు?

రెండేండ్ల క్రిందట మా యింటి కుక్క టైగరు, విడిచినచో ఆరవేసిన బట్టలను చించుటకును, కట్టినచో గుమ్మమును కొరుకుటకును మొదలిడెను. దండించితిమి, గొలుసును కురుచ చేసితిమి. అల్లరి హెచ్చెనే కాని తగ్గలేదు. ఎవరికైన నిచ్చివేయుదమని కూడ తలచితిమి. తుదకు పశువైద్యు లొకరు పరీక్షించి, "దీనికి రోగము లేదు, ప్రొద్దు పోవుట లేదు" అనిరి. పని లేని పిల్లలే బల్లలు చెక్కుదురని యిరువదియేండ్లుగా నెరిగిన మాకు ఈ సంగతి తట్టకపోవుట సిగ్గుచేటు.

కుక్క తోడేటి సంతతిది. మనుష్యులు దానిని వేలయేండ్లుగా వేటకును, మందలను మళ్లించుటకును, కావలికిని పెంచిరి. నేడో, గిన్నెలోని అన్నము రెండు నిమిషములలో ముగియును. తక్కిన దినమంతయు గోడను చూచుచుండవలెను. దాని తెలివి కొంచెమా? అమెరికాలో జాన్ పిల్లీ యను ఆచార్యుడు చేజర్ అను కుక్కకు మూడేండ్లలో 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్పి, ఆ వృత్తాంతమును 2011లో ప్రకటించెను.

కుక్కకు కంటికంటె ముక్కు ప్రధానము. 2019లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, కొన్ని కుక్కలచేత రెండు వారములు వాసన పట్టి తిండి వెదకించిరి. కొన్నింటిని యజమానుని ప్రక్కన నడిపించిరి. పిమ్మట తిండి యున్నదో లేదో తెలియని గిన్నెను ఎదుట నుంచగా, వాసన పట్టినవే మునుపటికంటె వేగముగా దానిని సమీపించినవి. వాటికి ఆశ పెరిగినదని పరిశోధకుల తాత్పర్యము.

మేమును గిన్నెను కొంత మానితిమి. ఎండు రొట్టెముక్కలను పెరటిలో మొక్కల మొదళ్లయందును, పాత తువాలు మడతలలోను దాచితిమి. (తువాలును మ్రింగకుండ దగ్గర నుండి చూడవలెను.) మొదట సులభముగా దొరకునట్లు దాచి, క్రమముగా కష్టము చేయవలెను; తొలినాడే కష్టమైనచో కుక్క విసిగి మానివేయును. పాఠములును అంతియే గదా. షికారు పోవునపుడు స్తంభమునకు స్తంభమునకు నిలుచుచున్నదని గొలుసు లాగరాదు. వీధిలో నెవరు వచ్చి పోయిరో అది యచటనే తెలిసికొనును. దినమున కైదు నిమిషములు క్రొత్త పని యొకటి నేర్పుటయు మంచిది. మా చిన్నవాడు చెప్పు తెచ్చుట నేర్పెను, ఒక చెప్పు మాత్రమే తెచ్చును. నడవడి హఠాత్తుగా మారినచో మాత్రము ముందు వైద్యునికే చూపవలెను.

నెల తిరుగునప్పటికి గుమ్మమును కొరుకుట మానెను, బట్టలు తీగెమీద నిలిచినవి. తపాలా జవానును చూచి మొరుగుట మాత్రము నేటికిని మానలేదు.