సదస్సుకూ జెట్టీకీ మధ్య

1881 డిసెంబరు 31 ఉదయం కార్ నికోబార్ దీవి దగ్గర సముద్రగర్భంలో పెద్ద భూకంపం వచ్చింది. అప్పటికే బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవుల్లో ఆటుపోట్లను కొలిచే యంత్రాలు పనిచేస్తున్నాయి. నీరు ఎక్కినా దిగినా కాగితం మీద గీత గీయడమే వాటి పని. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్, మద్రాసు సహా ఎనిమిది యంత్రాల గీతలు రోజూ ఉండే నున్నటి వంపు వదిలి రంపపు పళ్లలా మారాయి. అల మీటరు ఎత్తుకు కూడా రాలేదు. కాగితాలు దస్త్రాల్లోకి చేరిపోయాయి.

2003లో ఓర్టిజ్, బిల్హామ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పాత గీతలను మళ్లీ బయటికి తీశారు. భూకంప తీవ్రత 7.9 ఉంటుందనీ, నికోబార్ అంచున భూమి పైపొర పలక ఫలానా మేర జారిందనీ లెక్కగట్టి ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రికలో ప్రచురించారు. ఈ అంచుకు సునామీ పుట్టించే గుణం ఉందన్న సంగతి అలా అచ్చులో ఖరారైంది. ఆ మరుసటి ఏడాదే, 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఆరున్నరకు, సుమత్రా నుంచి అండమాన్ల ఉత్తర కొస దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున భూమి చీలింది.

ఆ వ్యాసం రాసినవారిని తప్పు పట్టలేం. రాయవలసింది వారు రాశారు. రాసినదాన్ని తీరానికి చేరవేసే పని మాత్రం అప్పటికి ఎవరి ఉద్యోగమూ కాదు.

తెలుగువారికి సంబంధించినంత వరకు ఇందులో భాష చిక్కు కూడా ఉంది. సముద్రం ఊళ్ల మీదికి రావడానికి మన దగ్గర ఉప్పెన అనే మాట ఉంది. దివిసీమలో 1977 ఉప్పెనను చూసినవారికి ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. కానీ ఉప్పెన తుపానుతో వస్తుంది. ముందు గాలి, మబ్బు, వాన, ఆపైన నీరు. నిర్మలమైన ఆకాశం కింద, గాలి లేని ఉదయాన, ఉన్నట్టుండి నీరు వెనక్కి తగ్గి ఇసుక బయటపడితే దానికి 2004కు ముందు మన వాడుకలో పేరు లేదు. పేరు లేని ప్రమాదం గురించి పిల్లలకు ఏమని చెబుతాం? సుమత్రా పక్కన సిమెలూ దీవి ప్రజలకు ఆ పేరు ఉంది: స్మాంగ్. 1907లో వచ్చిన అల ఎందరినో మింగాక, భూమి గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే కొండెక్కండని వాళ్లు పాటలలో, కథలలో చెప్పుకుంటూ వచ్చారు. 2004లో భూకంప కేంద్రానికి అంత దగ్గరలో ఉండి కూడా, సుమారు 78 వేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురే.

లిటిల్ అండమాన్‌లో ఒంగే తెగవారు కూడా ఎత్తైన చోటుకు వెళ్లి బతికారు. దీన్ని ఆదివాసుల సహజజ్ఞానమని పొగిడి ఊరుకోవడం నాకు నచ్చదు. కార్ నికోబార్ వాసులూ తరతరాలుగా సముద్రంతో బతికినవారే, అయినా వారు పెద్ద సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. జ్ఞానం రక్తంలో రాదు. ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి.

ఆ విపత్తు తరువాత 2007లో హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్‌లో, సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంప నమోదు కేంద్రాలు, సముద్రం అడుగున నీటి పీడనాన్ని కొలిచే పరికరాలు, తీరంలో ఆటుపోట్ల యంత్రాలు కలిసి పనిచేస్తాయి. భూమి కదిలిన కొద్ది నిమిషాల్లోనే తొలి ప్రకటన వెలువడుతుంది. విశాఖకో చెన్నైకో అల చేరడానికి రెండు గంటలు పట్టవచ్చు గనుక అక్కడికి ఇది గొప్ప రక్ష. నికోబార్ దీవుల సంగతి వేరు. పలక అంచు వాటి కాళ్ల కిందే ఉంది. అక్కడికి అల నిమిషాల్లో వస్తుంది. సైరను మోగేదాకా ఆగేవాడికి వ్యవధి ఉండకపోవచ్చు. కాబట్టి ఈ దీవుల్లో శాస్త్రం యంత్రంలో ఉంటే చాలదు, మనిషి తలలో ఉండాలి.

ఇక పోర్ట్ బ్లెయిర్ సంగతి. 2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మార్చారు. దీని పరిమాణానికి ఇక్కడ ఉన్నన్ని సముద్ర విజ్ఞాన సంస్థలు ఎక్కువే. 1977 నుంచి జంతు సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాఖ, బ్రూక్షాబాద్‌లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సముద్ర అధ్యయన విభాగం, కాస్త దూరంలో వండూర్ దగ్గర 1983 నాటి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం. ఇలాంటి సంస్థల సదస్సు అంటే ఇంగ్లిషు పత్రాలు, సారాంశాల పుస్తకం, భోజనాలు. శాస్త్రజ్ఞులు ఒకరి లెక్క ఒకరు సరిచూసుకోవడానికి అది కావలసిందే, వెటకారం చేయను. అయితే అదే ఊళ్లో జంగ్లీఘాట్ ఉంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు అక్కడి నుంచే వేటకు వెళతాయి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. పగడాలు తెల్లబడడం గురించి, 2010 వేసవిలో ఇక్కడ నీరు వేడెక్కి అవి ఎంతగా దెబ్బతిన్నాయో దాని గురించి, వారితో తెలుగులోనే మాట్లాడవచ్చు. వారి వలలో పడే చేప ఆ పగడపు దిబ్బల మీదే కదా ఆధారపడేది.

ఇలా మాట్లాడడం సాధ్యమేనని ఇన్‌కాయిస్ చేపల జాడ సూచనలు చూపిస్తున్నాయి. వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే హద్దును, పచ్చని వృక్షప్లవకాలు పెరిగిన చోటును ఉపగ్రహం పట్టుకుంటుంది. అక్కడ చేప ఉండే అవకాశం ఎక్కువని తీర భాషల్లో కబురు వస్తుంది, తెలుగులో కూడా. ఈ శాస్త్రానికి పరీక్ష మర్నాడే. వలే ఫలితం చెబుతుంది.

కబురు జెట్టీ నుంచి సదస్సుకు కూడా వస్తుంది. అండమాన్ సముద్రంలో, చుట్టూ నీరు ప్రశాంతంగా ఉండగా, ఉన్నట్టుండి నురగ పట్టీలు బారులు తీరి సాగిపోవడం 19వ శతాబ్దపు నావికులే రాసిపెట్టారు. వాటి కింద, వెచ్చని పైనీటికీ చల్లని అడుగునీటికీ మధ్య హద్దు మీద, పదుల మీటర్ల ఎత్తున అంతర్గత అల నడుస్తోందని ఆస్బోర్న్, బర్చ్ 1980లో కొలతలతో చూపారు. ముందు చూసింది పడవ మీదివాడు, ఆ తరువాతే సమీకరణం వచ్చింది.

నన్నడిగితే సదస్సులో ఒక పూట జెట్టీ మీద జరగాలి. అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. 2004 తరువాత ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డున పగడపు దిబ్బలు నీటి పైకి తేలి ఎండి చచ్చిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్ పొలాల్లోకేమో పోటుకు ఉప్పునీరు వచ్చి చేరింది. ఒకే భూకంపం ఒక చోట నేలను లేపి, ఇంకొక చోట ఎందుకు దించింది?

దీనికి తెర మీద బొమ్మలు అక్కర్లేదు. ఒక తాటాకు తీసుకుని ఒక చివర గట్టిగా పట్టుకోండి. రెండో చివరను వేలితో కిందికి, లోపలికి నొక్కండి. చివర దిగుతుంది, దాని వెనక భాగం గూనిలా లేస్తుంది. దీవులున్న పలకను కిందికి దూరే పలక అలాగే ఏళ్ల తరబడి నొక్కుతూ వచ్చింది. ఇప్పుడు వేలు వదలండి. చివర పైకి ఎగురుతుంది, గూని కుంగుతుంది. ఎగిరిన చివర పడమటి దిబ్బలు, కుంగిన గూని సిప్పీఘాట్. పైకి ఎగిరిన చివర మీద ఉన్న సముద్రమే సునామీగా మారింది.