స్ప్రెడ్‌షీటు: సంజ్ఞలు, పరిభాషలు

సంజ్ఞ తెలియనిదే సూత్రార్థము తెలియదు. పరిభాష తెలియనిదే సూత్ర మెచ్చటఁ బ్రవర్తించునో తెలియదు. కంప్యూటరునందు లెక్కలకును పట్టికలకును ఉపయోగించు స్ప్రెడ్‌షీటు విషయమునను ఇదియే న్యాయము. నేఁడు పాఠశాలల మార్కుల పట్టికలును, పరిశోధకుల పదసూచికలును, ఛందోగణనములును దీనియందే సిద్ధమగుచున్నవి. యంత్రము కూడికలోఁ బొరపడుట యరుదు. కాని యే గడిలోని సంఖ్యను గ్రహింపవలయునో చెప్పుటలో మనుష్యుఁడు పొరపడినచో, ఆ తప్పు సరియైన గణితపు వేషముతోనే పట్టికలో నిలుచును. కావున దీని సంజ్ఞలను, అందును ముఖ్యముగా నిర్దేశభేదమును, తెలిసికొనుట యావశ్యకము.

స్ప్రెడ్‌షీ టనునది మొదట కాగితమునకే పేరు. ఖాతాపుస్తకములలో నెదురెదురుగా నున్న రెండు పుటలపై వ్యాపించిన పెద్ద పట్టిక నట్లు వ్యవహరించెడివారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిద్దఱు అమెరికాయందు ఆపిల్-2 కంప్యూటరుకొఱకు విసిక్యాల్క్ అను ప్రోగ్రామును వెలువరించిరి. ఒక సంఖ్యను మార్చినచో దానిపై నాధారపడిన సంఖ్యలన్నియుఁ దమంతఁ దామే మాఱుట దాని విశేషము. 1985లో వెలువడిన ఎక్సెల్, తరువాతివగు గూగుల్ షీట్స్, లిబ్రాఫీస్ క్యాల్క్ మొదలగునవి యా మార్గముననే నడచుచున్నవి.

షీటు నిలువు గీతలచేతను అడ్డు గీతలచేతను గళ్లుగా విభజింపఁబడి యుండును. నిలువు వరుసను కాలమ్ అనియు, అడ్డు వరుసను రో అనియు, రెండును గలియు గడిని సెల్ అనియు నాంగ్లవ్యవహారము. నిలువు వరుసలకు ఏ, బి, సి మొదలగు నాంగ్లాక్షరములును, అడ్డు వరుసలకు 1, 2, 3 మొదలగు నంకెలును బేళ్లు. బి వరుసయు 2వ వరుసయుఁ గలియు గడికి ‘బి2’ యని పేరు. ఇది స్థానమును దెలుపు సంజ్ఞయే కాని, యందున్న వస్తువును దెలుపునది కాదు.

గడియందు వ్రాయఁదగినవి ముఖ్యముగా మూఁడు: మాట, సంఖ్య, సూత్రము. ఆంగ్లమున ఫార్ములా యనునదియే యిచ్చట సూత్రము. ఎక్సెల్ మొదలగువానిలో సమానచిహ్నముతో మొదలిడిన దానిని యంత్రము సూత్రముగా గ్రహించును. అది లేనిచో ‘బి2+సి2’ యనునది వట్టి మాటగా నుండిపోవును. సూత్రము గల గడిలోఁ గంటికిఁ గనఁబడునది ఫలము మాత్రమే. గడి నెంచుకొన్నప్పుడు షీటునకుఁ బైనున్న సూత్రపట్టియందు సూత్రము గోచరించును. ఆదేశమును జూచుచు స్థానిని మఱువని వైయాకరణునకు ఈ పద్ధతి క్రొత్త గాదు.

ఇఁక నుదాహరణము. మొదటి యడ్డు వరుసలో ఏ నుండి ఇ వఱకు వృత్తము పేరు, పాదమునందలి గురువులు, లఘువులు, అక్షరములు, మాత్రలు అని శీర్షికలు వ్రాసి యున్నారనుకొందము. 2వ వరుసలో ఉత్పలమాలకు గురువులు 8, లఘువులు 12. 3వ వరుసలో చంపకమాలకు 7, 14. 4వ వరుసలో మత్తేభవిక్రీడితమునకు 10, 10. 5వ వరుసలో శార్దూలవిక్రీడితమునకు 11, 8. డి2 గడిలో ‘=బి2+సి2’ అని వ్రాసినచో 20 వచ్చును. దానిని క్రింది మూఁడు గళ్లకు నకలు చేసినచో వరుసగా 21, 20, 19 వచ్చును. సూత్ర మొక్కటియే యైనను ఫలములు వేఱగుటకుఁ గారణమేమి? నకలు చేయునపుడు యంత్రము ‘బి2’ అను పేరును గాక, ‘ఈ గడికి ఎడమవైపున రెండవది’ యను సంబంధమును గ్రహించును. అందుచే డి3లో నది ‘=బి3+సి3’ యగును. దీనికి సాపేక్షనిర్దేశమని పేరు. పాణినీయమున సప్తమీనిర్దేశముచేఁ బూర్వమునకును, పంచమీనిర్దేశముచేఁ బరమునకును గార్యము చెప్పుట యిట్టిదే. స్థానము పేరుచేఁ గాక సంబంధముచేఁ దెలియఁబడుచున్నది.

గురువునకు మాత్రలు రెండు. ఆ 2ను జి1 గడిలో నుంచి, ఇ2లో ‘=బి2*జి1+సి2’ అని వ్రాసినచో ఉత్పలమాలకు 28 మాత్రలు వచ్చును. అది సరియే. ఈ సూత్రమును క్రిందికి నకలు చేసినచో జి1 సైతము జి2, జి3, జి4 లుగా జాఱును. అవి ఖాళీ గళ్లు. గుణకారమున ఖాళీ గడి సున్నతో సమానము. కాఁబట్టి చంపకమాలకు 14, మత్తేభమునకు 10, శార్దూలమునకు 8 అని వచ్చును. గురువుల మాత్రలన్నియు లోపించి లఘువులవే మిగిలినవి. యంత్రము దోషమని చెప్పదు. ఛందస్సు తెలిసినవాఁడు 28, 30, 30 రావలయునని వెంటనే పట్టుకొనును. ముందుగా ఫల మెఱుఁగని లెక్కలో దీనినిఁ బట్టుకొను వాఁడెవఁడు?

ఇందులకుఁ బ్రతిక్రియ డాలరు గుర్తు. ‘$జి$1’ అని వ్రాసినచో సూత్ర మెచ్చటికిఁ బోయినను నిర్దేశము కదలదు. అక్షరమునకు ముందున్న గుర్తు నిలువు వరుసను, అంకెకు ముందున్న గుర్తు అడ్డు వరుసను స్థిరపఱచును. ఇది నిరపేక్షనిర్దేశము. ఆంగ్లమునందలి ఆబ్సొల్యూట్ అను మాటను జూచి దీనిని ‘సంపూర్ణ’ మని యనువదించుట యుచితము గాదు. ఇచ్చటి ప్రశ్న నిండుదనమును గూర్చినది కాదు, సూత్రమున్న గడిపై నపేక్ష గలదా లేదా యనునదియే.

అనేకములగు గళ్ల నొక్కమాటఁ జెప్పుటకు శ్రేణి కలదు. దానిని ఆంగ్లమున రేంజ్ అందురు. ‘ఇ2:ఇ5’ అనఁగా ఇ2 మొదలు ఇ5 వఱకుఁ గల నాలుగు గళ్లు. ఆద్యంతములను జెప్పి నడుమనున్నవానిని గ్రహింపఁజేయుటచే నిది ప్రత్యాహారమును బోలును. అచ్చు, హల్లు అను మన మాటలు ప్రత్యాహారములనుండి వచ్చినవే. భేదమొక్కటి గలదు: ప్రత్యాహారమున చివరి యిత్తు లెక్కకు రాదు, శ్రేణియందు చివరి గడియు లెక్కలోనిదే. కూడిక, సగటు మొదలగువానికిఁ బేళ్లుగల సిద్ధక్రియలు ఫంక్షనులు. ‘=సమ్(ఇ2:ఇ5)’ అనినచో, మాత్రలు సరిగా వచ్చియున్న పక్షమున, ఫలము 116. పొరపాటున ఇ4 వఱకే వ్రాసినచో 86. ఇచ్చటను హెచ్చరిక యుండకపోవచ్చును.

ఇట్టి లోపము మహాపండితులకును దప్పలేదు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను నర్థశాస్త్రవేత్తలు ప్రభుత్వఋణమును ఆర్థికవృద్ధిని గూర్చి ప్రకటించిన వ్యాసమును 2013లో థామస్ హెర్న్‌డన్, మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ పరిశీలించిరి. ఇరువది దేశముల వరుసలుండఁగా సగటు సూత్రపు శ్రేణి పదునైదింటితోనే ముగిసినదని వారు చూపిరి. వ్యాసకర్తలును ఆ పొరపాటు నంగీకరించిరి. వ్యాసమునఁ జూపఁబడిన దోషములలో నిది యొకటి.

సాహిత్యపరిశోధకునకు మఱియొక జాగ్రత్త యావశ్యకము. తృతీయాశ్వాసమున నాలుగవ పద్యమని తెలుపుటకు ‘3-4’ అని వ్రాసినచో యంత్రము దానిని తేదిగా మార్చివైచును. జీవశాస్త్రమున ‘మార్చ్1’, ‘సెప్ట్1’ అను జన్యువుల పేళ్లకును ఇట్టి గతియే పట్టినందున, 2020లో మానవజన్యునామసమితి వానిని ‘మార్చ్ఎఫ్1’, ‘సెప్టిన్1’ అని మార్చవలసివచ్చెను. వ్రాయుటకుఁ బూర్వమే యా నిలువు వరుసను ‘టెక్స్ట్’, అనఁగా వట్టి మాట, యని నిర్ణయించినచో నీ బాధ యుండదు.

పట్టికను బ్రకటించుటకు ముందు మూఁడు పరీక్షలు చేయవలయును. ఫలము తెలిసిన వరుస నొకదానినిఁ జేతితో లెక్కించి సరిచూచుకొనవలయును. నకలు చేసినవానిలోఁ జివరి గడి నెంచుకొని సూత్రపట్టియందలి నిర్దేశములను జదువవలయును. శ్రేణి చివరి గడివఱకును బోయినదో లేదో చూడవలయును. మొదటి గడిలో సరియైన ఫలము వచ్చినదను ధైర్యముతో నీ పరీక్షలను మానరాదు. పైయుదాహరణమున ఉత్పలమాల లెక్క సరిగానే వచ్చినది. తప్పినవి దాని క్రింది మూఁడును.