డబ్బా మూత తీసే ముందు రక్తపరీక్ష

కవిటి: కొబ్బరి తోటల్లో రోజంతా తిరిగిన వారే 60 ఏళ్లు దాటేసరికి అరుగు మీద నుంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నారు. ‘వయసైపోయింది’ అని ఇంట్లో వారు సరిపెట్టుకుంటారు. పట్నంలో ఉన్న కొడుకు పండక్కి వస్తూ బలానికని ఒక పొడి డబ్బా తెచ్చి తండ్రి చేతిలో పెడతాడు. ప్రేమతో తెచ్చిందే అయినా, ఉద్దానంలో ఆ డబ్బా మూత తీసే ముందు కాస్త ఆలోచించవలసి ఉంది.

వయసుతో పాటు కండ, సత్తువ తరిగిపోవడానికి 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. చేతులు కట్టుకుని కుర్చీలో నుంచి 5 సార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే అనుమానించాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో సూచించారు. పక్కన ఒక మనిషి ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు.

కండకు మాంసకృత్తులు కావాలి. కిడ్నీ జబ్బు లేని పెద్దలకు బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని నిపుణులు చెబుతున్నారు. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములన్నమాట. 200 గ్రాముల బియ్యంలో సుమారు 14, 50 గ్రాముల పప్పులో 11, రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుసెనగ గింజల్లో 7 గ్రాములుంటాయి. కలిపితే 50. చారన్నంతో పొద్దుపుచ్చే ముసలివారికి ఇందులో చాలా భాగం అందదు.

పొడిలో ఉండేవీ మాంసకృత్తులే. ఒక మోతాదులో 6 గ్రాములుంటే అది ఒక గుడ్డుతో సమానం. నమలలేని వారికి, జబ్బుపడి లేచి ఆకలి మందగించిన వారికి వైద్యుని సలహాపై ఇవి ఉపయోగపడతాయి. అయితే తాగి పడుకుంటే కండ పట్టదు. కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం, చిన్న బరువులు ఎత్తడం వంటివి వారానికి రెండు మూడు రోజులైనా చేయాలి.

ఇక అసలు సంగతి. కిడ్నీ జబ్బు తొలి దశలో బాధ తెలియదు. కిడ్నీలు దెబ్బతిని, డయాలసిస్ దాకా రాని వారు మాంసకృత్తులు ఎక్కువ తీసుకుంటే కిడ్నీల మీద భారం పెరుగుతుంది. డయాలసిస్ చేయించుకునే వారికి మాత్రం అవి ఎక్కువే కావాలి. కనుక పొరుగింటివారికి పనికొచ్చిన డబ్బా మనకు చేటు చేయవచ్చు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షించి వైద్యుడు చెబితేనే వాడాలి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ముందుగా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు. ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది రక్తపోటుతో పాటు పెద్దల లేవడం, నడవడం కూడా గమనిస్తే ఎంతో మేలు.

ఈసారి పండక్కి వచ్చే కొడుకులు డబ్బా తేవడానికి ముందు తండ్రిని పరీక్షకు తీసుకువెళ్లాలి. కిడ్నీలు బాగున్నాయని తేలితే ఆ డబ్బు గుడ్లకు, పాలకు ఇచ్చి వెళ్లినా చాలు.