గుల్ల చెప్పు వయస్సు

తాంబూలమునకు రాచుకొను గుల్లసున్నము, పూజావేళ నూదు శంఖము, పచ్చీసులో వేయు గవ్వ - ఇవి యన్నియు ఒకప్పుడు నీటిలో బ్రదికిన చిన్న జీవులు తమ చుట్టు కట్టుకొన్న ఇండ్లే. జీవి నశించినను ఇల్లు నిలుచును. ప్రాచీన నివాసస్థలములను త్రవ్వునప్పుడు కట్టె మన్నైపోయిన చోట సైతము గుల్లలును, శంఖపు గాజుల తునకలును దొరకుచుండుట ఇందువలననే. అట్టి గుల్లను పట్టుకొని "నీ వయస్సెంత?" అని యడుగుటకు శాస్త్రజ్ఞులు కొన్ని మార్గములను కనిపెట్టినారు. గుల్ల జవాబు చెప్పును. కాని ఆ జవాబును విన్నది విన్నట్లు వ్రాసుకొన్నచో చరిత్ర కొన్ని శతాబ్దములు వెనుకకు జరిగిపోవును. అది యెట్లో చూతము.

పూర్వము పురావస్తు శోధకులు పోలికలపై ఆధారపడి కాలనిర్ణయము చేసెడివారు. క్రింది మంటిపొర పాతది, పై పొర క్రొత్తది యనునది మొదటి సూత్రము. శ్రీకాళహస్తికి చేరువనున్న గుడిమల్లములో 1973వ సంవత్సరమున త్రవ్వకములు జరిగినప్పుడు, ఇటుకల కొలతలును, మట్టిపాత్రల పెంకులును ఆ స్థలముయొక్క ప్రాచీనతకు సాక్ష్యములైనవి. ఈ పద్ధతివలన ఏది ముందు, ఏది వెనుక యనునది తెలియును. ఎన్నియేండ్ల క్రిందటిదో తెలియవలెనన్నచో వస్తువులోనే యొక గడియారము కావలెను.

అట్టి గడియారము గుల్లలో నున్నది. ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణముల తాకిడివలన గాలిలోని నత్రజని పరమాణువులలో కొన్ని కర్బనము-14 అను రేడియోధార్మిక కర్బనముగా మారుచున్నవి. అది బొగ్గుపులుసు వాయువులో గలిసి చెట్లలోనికిని, నీటిలోనికిని, జంతువులలోనికిని ప్రవేశించును. ప్రాణమున్నంత కాలము రాబడియు వ్యయమును సరిపోవుచుండును. ప్రాణము పోయినతోడనే రాబడి నిలిచిపోవును. వ్యయము మాత్రము సాగుచుండును. ఉన్న కర్బనము-14లో సగము 5,730 సంవత్సరములలో తరుగును. మిగిలినదానిలో సగము మరి 5,730 సంవత్సరములలో తరుగును. కావున నాలుగవ వంతు మాత్రమే మిగిలియున్నచో ఆ వస్తువు 11,460 సంవత్సరముల నాటిది. సుమారు 50,000 సంవత్సరములు దాటినచో కొలుచుటకు మిగులునది మిక్కిలి స్వల్పము. ఈ పద్ధతిని విల్లర్డ్ లిబ్బీయును, ఆయన సహచరులును 1949లో లోకమునకు వెల్లడించిరి. లిబ్బీకి 1960లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 1960వ దశకములో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందును, తరువాత అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయమునందును ఈ పని సాగినది.

గుల్ల ముఖ్యముగా కాల్షియం కార్బనేటు. దాని తూకములో నూటికి 12 పాళ్ళు కర్బనమే. మొదట ఒక పరీక్షకు గుప్పెడు గుల్లలు కావలసివచ్చెడిది. 1970వ దశకము చివరినుండి, పరమాణువులను వేగముగా నడిపి ఒక్కొక్కటిగా లెక్కించు యంత్రములు వచ్చినవి. ఇప్పుడు గాజుముక్క అంచునుండి గీకిన కొన్ని మిల్లీగ్రాముల పొడి చాలును.

ఇక చిక్కులను చెప్పుదును. చెట్టు తన కర్బనమును గాలినుండి తీసికొనును. సముద్రపు గుల్ల నీటినుండి తీసికొనును. సముద్రపు లోతులలోని నీరు శతాబ్దములకొలది గాలి సోకక యుండును. అందలి కర్బనము-14 కొంత అప్పటికే తరిగిపోయి యుండును. ఆ నీరు పైకివచ్చి పైనీటితో కలియును. అందుచే గుల్ల పుట్టుకతోనే ముసలిది! సగటున ఈ యెక్కువ 400 సంవత్సరములకు తక్కువ కాదు. ఒకే పొరలో దొరకిన బొగ్గు 2,000 సంవత్సరములనియు, శంఖపు గాజు 2,400 సంవత్సరములనియు చెప్పినవనుకొందము. రెండును సత్యమే పలికినవి. గాజు చెప్పినదానినుండి సముద్రపు పాలు తీసివేయవలెను, అంతే. ఈ సవరణ మరచినచో గౌతమీపుత్ర శాతకర్ణి నాటి యూరిని అశోకుని కాలమునకు నెట్టినవార మగుదుము.

తీసివేయవలసిన సంఖ్య అన్ని సముద్రములకు ఒకటి కాదు. అందుకై శాస్త్రజ్ఞులు వస్తుప్రదర్శనశాలల బీరువాలు వెదకినారు. అణుబాంబు పరీక్షలు గాలిలోని కర్బనము-14ను పెంచకముందు, ఫలానా తీరమున ఫలానా సంవత్సరమున ప్రాణముతో పట్టినదని చీటీ యంటించిన గుల్లలను పరీక్షించి, గుల్ల చెప్పు వయస్సునకును చీటీలోని వయస్సునకును గల భేదమును లెక్కించినారు. బంగాళాఖాతపు గుల్లలకును ఇట్టి లెక్కలు గలవు. పులికాటు వంటి సరస్సులలో ఏటినీరును, ఉప్పునీరును కలియుచుండుటచే లెక్క మరింత కష్టము. కర్నూలు సీమవంటి సున్నపురాతి నేలలలోని నత్తలకు వేరొక దోషము: రాతిలోని సున్నము కోట్లకొలది సంవత్సరముల నాటిది గనుక అందు కర్బనము-14 బొత్తిగా లేదు. అది నత్త యింటిలో చేరినకొలది నత్త వయస్సు లేనిపోని విధముగా పెరుగును.

రెండవ చిక్కు మంటిలో కలుగునది. భూమిలో ఊరు నీరు గుల్లలోని సున్నమును కరగించి, తన సున్నమును అచట పేర్చును. చాల గుల్లలు అరగొనైటు అను స్ఫటికరూపమున నిర్మితమై, ఇట్లు మారినప్పుడు కాల్సైటుగా నగును. ఎక్స్-కిరణములచే ఈ మార్పును గుర్తింపవచ్చును. పైపొరను ఆమ్లముతో కడిగి, చెడని లోపలిభాగమునే పరీక్షకు గైకొందురు.

మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. గుల్ల చెప్పునది జీవి మరణించిన కాలమునే గాని, మనుష్యుడు దానిని చేపట్టిన కాలమును కాదు. పులికాటు సరస్సు బురదలో పూర్వకాలపు గుల్లల పొరలు గలవు. సున్నమునకై వానిని త్రవ్వితీయుట యున్నది. అట్టి పాత గుల్లనే యొకడు ఏరి పూసగా మలచినచో, పూస వయస్సు గుల్ల వయస్సు కానేరదు. ప్రకృతి పరచిన పొరలో చిన్నవి, పెద్దవి, పనికిరానివి కలిసియుండును. పలుమారు రెండు చిప్పలును విడివడక యుండును. మనుష్యులు తిని పారవైచిన కుప్పలో తినదగిన పరిమాణము గలవే హెచ్చు. వాని నడుమ బొగ్గు, బూడిద, కుండపెంకులు కనిపించును. కావున గుల్లకు తోడు అదే పొయ్యిలోని బొగ్గును గూడ పరీక్షించుట ఉత్తమము.

50,000 సంవత్సరములకు వెనుకటి కాలమునకు వేరు మార్గములు వెదకవలెను. గుల్లలో చిక్కుకొన్న మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములు ఎడమచేతి రూపమునుండి కుడిచేతి రూపమునకు మెల్లగా మారుచుండును. ఆ పాళ్ళు కాలమును సూచించును. కాని వేడిమి హెచ్చిన మార్పు వేగిరపడును గనుక, రాయలసీమ గుల్లకును చలిదేశపు గుల్లకును ఒకే కొలత పనికిరాదు. యురేనియం పద్ధతి పగడములకు చక్కగా కుదురును. గుల్లలు చనిపోయినపిమ్మటను యురేనియమును పీల్చుకొనును గనుక అంత నమ్మదగినది కాదు. కర్నూలు సీమలోని జ్వాలాపురమున, సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము చిమ్మిన బూడిద పొర గలదు. దాని పైని, క్రిందను గల మంటిపొరల కాలమును ఇసుకరేణువులు కడపట సూర్యకాంతిని చూచిన కాలమునుబట్టి గ్రహించినారు.

గుల్లను కాల్చి సున్నము చేసినచో నేమగును? అందలి పాత కర్బనము బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోవును; గుల్ల సాక్ష్యము నశించును. అయితే ఆ సున్నమును గోడలో పెట్టినప్పుడు, అది గట్టిపడుచు నాటి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. అనగా గడియారము మరల మొదటినుండి నడువనారంభించును! పాత గచ్చును పరీక్షించి కట్టడపు కాలము చెప్పు పద్ధతికి ఇదియే మూలము. గచ్చులోని ఇసుకలో సున్నపురాతి పొడి గాని, సరిగా కాలని గుల్ల గాని కలిసినచో లెక్క తప్పును. కావున ముందుగా కాలము తెలిసిన కట్టడములపై పద్ధతిని ఒరసి చూడవలెను. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము 2010 మే 26న కూలిపోయినది. క్రొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగినది. ఇట్టి గోపురము కూలినప్పుడు, కట్టిన సంవత్సరము తెలిసిన గచ్చు పిడికెడు దాచుకొన్నను అది శాస్త్రమునకు ఒరగల్లు కాగలదు.

మన ప్రాంతములలో బావి త్రవ్వునప్పుడో, ఇటుకలకు మన్ను తీయునప్పుడో గుల్లల కుప్ప బయటపడవచ్చును. అట్టి వేళ వానిని కడుగవద్దు, అచటినుండి కదలింపవద్దు. ఎంత లోతున, ఏ మంటిలో, ఏయే వస్తువులతో కలిసి యున్నవో గుర్తించి పురావస్తుశాఖవారికి తెలియజేయుట మేలు. తానున్న చోటు విడిచిన గుల్ల తన వయస్సు చెప్పగలదే గాని, తన్ను అచట పడవైచిన మనుష్యుల సంగతి చెప్పజాలదు. బట్టీలో కాలిన గుల్ల ఆ వయస్సును గూడ చెప్పలేదు.