ఆంగ్ల క్రియలు – ప్రిపొజిషన్లు – తెలుగు విభక్తులు

ఆంగ్లమున క్రియకు పిమ్మట ఏ ప్రిపొజిషను రావలెనను ప్రశ్న తెలుగు విద్యార్థిని మిక్కిలి బాధించును. అతడు చేయు తప్పులన్నిటికిని మాతృభాషయే కారణమని ఉపాధ్యాయులు తఱచుగా చెప్పుచుందురు. ఈ మాట పరిశీలింపదగినది. 1957లో రాబర్టు లాడో తన 'లింగ్విస్టిక్స్ ఎక్రాస్ కల్చర్స్' అను గ్రంథమున, రెండు భాషలను పోల్చి చూచినచో విద్యార్థికి కలుగు కష్టములను ముందుగనే ఊహింపవచ్చునని ప్రతిపాదించెను. తెలుగు విషయమున ఇది ఎంతవఱకు నిలుచునో కొన్ని క్రియలను బట్టి చూతము.

'లిజన్' అను క్రియ కర్మతో చేరునపుడు 'టు' ఆవశ్యకము. మనవారు దానిని విడుతురు. 'పాట వినెను' అన్నచోట కర్మకు ప్రత్యయము లేకుండుట తెలుగునకు సహజము. పైగా 'హియర్', 'లిజన్' అను రెండింటికిని మనకు 'వినుట' యొక్కటియే. ఇచట తప్పు నిస్సందేహముగా తెలుగునుండి వచ్చినదే.

'డిస్కస్' సంగతి వేఱు. దాని తరువాత 'అబౌట్' చేర్చుటకు 'గురించి చర్చించుట' అను మన వాడుకయే మూలమందురు. కాని 'సమస్యను చర్చించిరి' అనుటయు శుద్ధమైన తెలుగే కదా! రెండు త్రోవలుండగా విద్యార్థి మొదటిదానినే ఏల పట్టెను? సమాధానము ఆంగ్లముననే యున్నది. 'టాక్ అబౌట్', 'స్పీక్ అబౌట్' అనునవి సాధువులు. 'డిస్కషన్' అను నామమునకును 'అబౌట్' చేరును. 'డిస్కస్' అను క్రియకు మాత్రము చేరదు. విద్యార్థి సామ్యమును బట్టి నడచెను. 'ఆన్సర్', 'రిక్వెస్ట్' అనువానియందును ఇంతే: నామములైనపుడు వరుసగా 'టు', 'ఫర్' వచ్చును; బదులిచ్చుట, కోరుట అను అర్థములందు క్రియలైనపుడు రావు. తెలుగుతో సంబంధమే లేని నైజీరియావారి ఆంగ్లమునను 'డిస్కస్ అబౌట్' వినబడుట గమనింపదగినది. విద్యార్థి తప్పులు అతడు తనకై కట్టుకొనుచున్న భాషావ్యవస్థకు గుర్తులని పిట్ కార్డర్ 1967లో చెప్పినది ఇట్టి చోట్ల బాగుగా అన్వయించును.

మాతృభాష తోడ్పడు చోట్లు లేకపోలేదు. వానిని మనము ఉపయోగించుకొనుట తక్కువ. 'అగ్రీ' అను క్రియకు మనుష్యుని విషయమున 'విత్', ప్రతిపాదన విషయమున 'టు' అని విద్యార్థులు వల్లించుచుందురు. 'అతనితో ఏకీభవించెను, ప్రతిపాదనకు అంగీకరించెను' అని ఒక్క తెలుగు వాక్యము చెప్పినచో 'తో', 'కు' అనునవే దారి చూపును. 'వెయిట్ ఫర్' అనుటకు 'కొఱకు', 'డిపెండ్ ఆన్' అనుటకు 'మీద' ఇట్లే సరిపోవును. 'రిసెంబుల్' అను క్రియకు ప్రిపొజిషను లేదు. 'తండ్రిని పోలియుండెను' అను ద్వితీయయు అదియే చెప్పుచున్నది.

పట్టికలు కంఠస్థము చేయించుటవలన వేఱొక చిక్కు కలదు. 'ఎంటర్' తరువాత 'ఇంటు' ఎన్నడును రాదని నేర్చినవాడు, గదిలో ప్రవేశించుటను సరిగానే వ్రాసి, ఒడంబడిక చేసికొనుట అను అర్థమున అవశ్యమైన 'ఇంటు'ను కూడ తీసివేయును. దేశభేదమును కలదు. బ్రిటిషు వాడుకలో ఒక నిర్ణయమును నిరసించుట అను అర్థమున 'ప్రొటెస్ట్' తరువాత 'అగెయిన్స్ట్' సాధారణముగా వచ్చును. అమెరికావారు దానిని విడిచి వ్రాయుట పరిపాటి. అట్లు వ్రాసిన పత్రముపై ఎఱ్ఱసిరా గీత పెట్టుటకు ముందు, ఆ విద్యార్థి ఏ దేశపు పుస్తకములు చదివి నేర్చెనో అడుగుట మంచిది.