మీటరా, రెండు గజాలా? పెద్దలకు చెప్పే దూరానికి కొలత

కొవిడ్ అంటువ్యాధి వేళ మనిషికీ మనిషికీ మధ్య ఎంత ఎడం ఉండాలన్న ప్రశ్నకు 2020లో మన దేశంలో రెండు జవాబులు వినిపించాయి. కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది ఏప్రిల్‌లో వయోవృద్ధుల కోసం విడుదల చేసిన సూచనలు ఇంటికి ఎవరినీ రానీయవద్దనీ, కలవక తప్పకపోతే ఒక మీటరు దూరం పాటించాలనీ చెప్పాయి. అదే నెల 24న పంచాయతీరాజ్ దినోత్సవం సందర్భంగా సర్పంచులతో మాట్లాడిన ప్రధాని నరేంద్ర మోదీ నోట ‘రెండు గజాల దూరం’ అన్న మాట వచ్చింది. మే నెలాఖరున కేంద్ర హోంశాఖ జారీచేసిన మార్గదర్శకాల్లో బహిరంగ ప్రదేశాల్లో కనీస దూరం ఆరడుగులు, అంటే రెండు గజాలు, అయింది. 65 ఏళ్లు దాటినవారు అత్యవసరమైతే తప్ప ఇల్లు కదలవద్దన్న సలహా కూడా వాటిలోనే ఉంది.

ఇవి ఒకే దూరానికి రెండు పేర్లు కావు. మీటరంటే 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. ఆరడుగులంటే 1.83 మీటర్లు. మధ్య తేడా 83 సెంటీమీటర్లు, రెండు మూరలకు కాస్త తక్కువ. మీటరు మాట విన్న పెద్దాయన, గజాల మాట విన్న ఆయన మనవడు చెరో దూరం పాటిస్తే ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

దేశానికో అంకె

ఈ తికమక మన ఒక్కరిదే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక మీటరు చాలంది. ఫ్రాన్సు అదే పాటించింది. జర్మనీ, ఆస్ట్రేలియా ఒకటిన్నర మీటర్లన్నాయి. బ్రిటన్ రెండు మీటర్లతో మొదలుపెట్టింది. అమెరికా ఆరడుగులంది. వీటిలో కొన్ని తేడాలు శాస్త్రానివి, కొన్ని కేవలం అంకెను దగ్గరి పూర్ణాంకానికి సవరించడం వల్ల వచ్చినవి. రెండు మీటర్లకూ ఆరడుగులకూ ఉన్న తేడా 17 సెంటీమీటర్లు, ఒక జానకు లోపే. అడుగుల్లో ఆలోచించే దేశం ఆరు దగ్గర, మీటర్లలో ఆలోచించే దేశం రెండు దగ్గర ఆగాయి. ఈ 17 సెంటీమీటర్ల వల్ల ఆరోగ్యానికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. ఒక మీటరుకూ రెండు మీటర్లకూ మధ్య తేడాను మాత్రం అలా కొట్టిపారేయలేం.

తుంపర చెప్పే లెక్క

జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్లూగె 1890లలో నోటి తుంపరలతో సూక్ష్మజీవులు వ్యాపిస్తాయని చూపాడు. అమెరికాకు చెందిన విలియం వెల్స్ 1934లో దీనికి భౌతికశాస్త్రం జోడించాడు. మాట్లాడినా దగ్గినా వెలువడే తుంపరల్లో పెద్దవి బరువుకు నేలరాలతాయి, చిన్నవి రాలేలోపే ఆరిపోయి గాలిలో తేలుతాయి. 100 మైక్రాన్ల తుంపర ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో కింద పడుతుంది. 10 మైక్రాన్ల కణానికి, గాలి కదలకపోతే, దాదాపు ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ కణం గంటల తరబడి దిగదు.

మీటరు, రెండు మీటర్లు అన్న హద్దులు ప్రధానంగా ఆ పెద్ద తుంపరలకు చెందినవి. ఆరో అడుగు దగ్గర ప్రమాదం ఆగి, ఏడో అడుగు దగ్గర క్షేమం మొదలవదు. దూరం పెరిగేకొద్దీ ముప్పు మెల్లగా తగ్గుతుంది, అంతే. తలుపులన్నీ మూసిన గదిలో చిన్న కణాలు పేరుకుంటాయి కనుక అక్కడ రెండు గజాలూ చాలవు. వశిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు (రేవు దాటించే పడవ) మీద గాలి వాటిని చెదరగొడుతుంది. ఇంటి లోపలి గదికన్నా వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడటం మేలన్నది ఇందుకే.

కోనసీమ చెవికి తెలిసిన కొలత

దూరం ఎంతైనా, దాన్ని పెద్దలకు ఏ కొలతలో చెప్పాలో తేలాలంటే వారు ఏ కొలతలతో పెరిగారో చూడాలి. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956 డిసెంబరులో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాల స్థానంలో నయాపైసలు దిగాయి. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ కొలతలు దశలవారీగా అమల్లోకి వచ్చి, 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. 2020లో 65 ఏళ్లున్న వ్యక్తి 1955లో పుట్టి, సరిగ్గా ఈ మార్పు జరుగుతున్నప్పుడు ఒకటో తరగతిలో చేరాడు. 75 ఏళ్లున్న వ్యక్తి అప్పటికే అడుగులు, గజాలు, శేర్లు, అణాలతో లెక్కలు నేర్చేశాడు.

అయినా కోనసీమలోని అమలాపురం సంతలో ఆ పెద్దలు కిలోల్లో కూరగాయలు కొంటారు, లీటర్లలో పాలు పోయించుకుంటారు, రాజోలు ఎన్ని కిలోమీటర్లో తడుముకోకుండా చెబుతారు. తూచి అమ్మేచోట, రాళ్లు పాతి చూపేచోట మెట్రిక్ గెలిచింది. కంటితో అంచనా వేసే కొలతల్లో, ముఖ్యంగా మనిషి ఎత్తుకు అటూఇటూగా ఉండే పొడవుల్లో, అడుగే నిలిచింది. పొలం ఎకరాల్లో, సెంట్లలో, ఇంటి స్థలం గజాల్లో ఉంటుంది. కొబ్బరి మొక్కల మధ్య ఏడున్నర మీటర్ల ఎడం ఉండాలని సాగు పుస్తకాలు చెబితే, రైతు దాన్ని పాతిక అడుగులుగానే గుర్తుంచుకుంటాడు.

ప్రాణాపాయం గురించిన హెచ్చరిక కూడా ఇక్కడ అడుగుల్లోనే వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2020 ఆగస్టులో, కొవిడ్ మధ్యలోనే, వరద ఆ మూడో హెచ్చరికనూ దాటింది. ఆ నెలలో లంక గ్రామాల పెద్దలు నీటి మట్టాన్ని అడుగుల్లో విన్నారు. ‘17.75 అడుగులు’ అనగానే పశువులను గట్టుకు తోలాలని తెలిసినవారికి ‘5.41 మీటర్లు’ అంటే ఏమీ స్ఫురించదు.

ఒంటి మీది కొలబద్ద

అడుగుకన్నా పాతవి ఒంటి కొలతలు: బెత్తెడు, జాన, మూర, బార. మోచేతి నుంచి నడివేలి కొస వరకు మూర, సుమారు 18 అంగుళాలు. రెండు మూరలు గజం. రెండు చేతులూ బార్లా చాపితే బార, నాలుగు మూరలు. అంటే రెండు గజాలు, ఆరడుగులు, బారెడు, మూడూ ఒకటే. నూతి లోతు, తాడు పొడవు బారల్లో చెప్పుకున్న తరానికి ‘బారెడు దూరం’ అంటే టేపు అక్కర్లేదు.

దీనిలో ఒక చిక్కుంది. చాపిన చేతుల నిడివి ఇంచుమించు మనిషి ఎత్తుతో సమానం. ఐదడుగుల ఆమె బార ఐదడుగులే. వయసుతో వెన్ను వంగి ఎత్తు తగ్గినా చేతుల నిడివి దాదాపు తగ్గదు కనుక, వంగిన వృద్ధుల అసలు ఎత్తును వైద్యులు దీన్నిబట్టే అంచనా వేస్తారు. భుజం పట్టేసి చెయ్యి లేవనివారికి మాత్రం ఈ కొలబద్ద పనికిరాదు. వారికి చీర ఉంది. మామూలు ఆరు గజాల చీరను పొడవునా మూడు సమానమైన మడతలు వేస్తే ఒక్కో మడత రెండు గజాలు. దుకాణంలో అదే చీర ఐదున్నర మీటర్లుగా అమ్ముడవుతుంది. అటు గజాలూ ఇటు మీటర్లూ కలిసే చోటు అది.

వినికిడి అడ్డు

పెద్దల విషయంలో కొలత తెలియడంతో పని పూర్తికాదు. మీటరు దూరం నుంచి ఆరడుగులకు జరిగితే ఆరుబయట మాట సుమారు 5 డెసిబెళ్లు తగ్గుతుంది. మాస్కు మాటను ఇంకొంత మందగింపజేస్తుంది. చెవుడు వస్తున్న మనిషి వినడానికి ముందుకు జరుగుతాడు, ఎదుటివాళ్లు గొంతు పెంచుతారు. గొంతు పెరిగితే తుంపరలూ పెరుగుతాయి. అందుకే దూరం చెప్పేటప్పుడు ముఖానికి ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడాలని, అవసరమైతే కాగితం మీద రాసి చూపాలని కూడా చెప్పాలి.

సలహా ఎలా ఉండాలి?

మొదట, అధికారులంతా ఒకే దూరం చెప్పాలి. మీటరో, రెండు మీటర్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. రెండోది, వినేవారికి అలవాటైన కొలతను ముందు పెట్టి, రెండోదాన్ని పూర్ణాంకంగా పక్కన చేర్చాలి. ‘ఆరడుగులు, సుమారు రెండు మీటర్లు’ అంటే సరిపోతుంది. ‘1.83 మీటర్లు’ అనడం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడమే. మూడోది, చూపు మందగించినవారు దూరాన్ని అంచనా వేయనక్కర్లేకుండా రైతుబజార్లలో, రేషను దుకాణాల ముందు సున్నంతో గళ్లు గీయాలి. నిలబడాల్సిన గడి కళ్లెదుట ఉంటే అది అడుగుల్లో కొలిచిందా మీటర్లలో కొలిచిందా అన్నది గీసినవారికి తెలిస్తే చాలు.