ట్రక్కు లాగు ట్రాక్టరు – డీజిలు పొదుపు

పూర్వము మన రైతులు ఇరుసునకు కందెన పెట్టనిదే బండిని పొలిమేర దాటించెడివారు కారు. కందెన లేని బండిని లాగు ఎడ్ల కష్టము కన్నులకు కానవచ్చుచుండెను. నేడు ట్రాక్టరు లాగుచున్నది. దాని కష్టము కానరాదు గాని, డీజిలు రూపమున మన పైకమును హరించుచున్నది.

గడచిన కోతల కాలమున ఒక సభ్యుడు, "కిరాయి అంతయు డీజిలుకే సరిపోవుచున్నదండీ" అని మాతో మొఱపెట్టుకొనెను. మేము ధాన్యపు ట్రక్కు వెంట మార్కెట్టు యార్డునకు పోయితిమి. దారిలో చెఱువుకట్ట దిగునపుడు, డీజిలు కలిసివచ్చునని తలంచి ఆయన న్యూట్రలులో వదలెను. వెనుకనున్న బరువు త్రోయగా ట్రాక్టరు ప్రక్కకు తిరుగబోయి, త్రుటిలో ప్రమాదము తప్పినది. యార్డు చేరి చక్రముల నడిమి భాగమును తాకి చూడగా, ఒకటి గోరువెచ్చగాను, రెండవది చేయి పెట్టరానంత వేడిగాను ఉండెను. గ్రీజు ఎండి బేరింగు బిగిసినది. టైర్లలో గాలియు తక్కువ. ఆ వేడి అంతయు ఆయన కొన్న డీజిలే గదా!

న్యూట్రలు వలన పొదుపు లేదు. గేరులోనుండి యాక్సిలరేటరు వదలి పల్లము దిగునపుడు పంపులోని గవర్నరు డీజిలును ఇంచుమించు పూర్తిగా ఆపివేయును. న్యూట్రలులోనో, ఇంజను తిరుగుటకైనను డీజిలు కావలయును. పైగా ప్రాణహాని.

రహదారిపై చిన్న గేరులో ఇంజనును రొదపెట్టించుటకంటె, పెద్ద గేరు వేసి యాక్సిలరేటరు తగ్గించి తోలుట మేలు. చుట్లు పెరిగినకొలది ఇంజను లోపలి రాపిడికే శక్తి వ్యయమగును. అయితే నల్లని పొగ వచ్చి ఇంజను కుంటుపడినచో వెంటనే గేరు తగ్గింపవలెను. గాలి వడపోత డబ్బా దుమ్ముతో నిండినను ఇట్టి పొగయే వచ్చును.

రెండు చక్రముల ట్రక్కులో బరువు వెనుకకు మొగ్గినచో కొక్కెము పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రములు పట్టు తప్పి జారును. మితిమీరి ముందునకు వేసినచో ముందు చక్రములు తేలికపడి స్టీరింగు వినదు. కావున బస్తాలను సమముగా పేర్చి, బరువు కొంచెము మాత్రమే ముందునకు ఉండునట్లు చూడవలెను.

కాటా వద్ద వరుసలో నున్నపుడు ఇంజను ఆపవలెను. గొట్టముల అతుకులను తుడిచి చూడవలెను. సెకనుకొక చుక్క కారినచో దినమునకు 4 లీటర్లకు పైగా నేలపాలగును.

అన్నిటికంటె పెద్ద దుబారా ఖాళీగా తిరిగివచ్చుట. 75 కిలోల బస్తాలు 40, అనగా 3 టన్నులు మోసిన ట్రక్కు వట్టి చేతులతో ఇల్లు చేరుచున్నది. అదే దినమున పొరుగువారు ఎరువుల కొఱకు వేఱొక ట్రాక్టరు పంపుచున్నారు! ఎవరి ట్రక్కు ఏనాడు పోవునో సంఘ కార్యాలయమున పలకపై వ్రాసినచో, రెండు ప్రయాణములు ఒకటి యగును.

సభ్యులారా! బయలుదేరునపుడు ట్యాంకు మెడవఱకు నింపుడు. తిరిగివచ్చిన పిమ్మట మరల అంతవఱకు నింపి, పట్టిన లీటర్లను వ్రాసికొనుడు. గ్రీజు పెట్టి, గాలి సరిచేసి, అదే బరువుతో అదే దారిని మరల కొలిచి చూడుడు. మా మాట కంటె మీ లెక్కయే మీకు మంచి ఉపదేశము.